కొమ్మ లేని చోట కిర్రుమన్న చప్పుడు

ఆ వీధి మలుపులో ఉన్న గుంత దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. అక్కడి పెద్ద చెట్టును కొట్టేసి ఏడాదైంది. అయినా రాత్రిళ్ళు కొమ్మ కిర్రుమంటుందట... లేని చెట్టు కొమ్మ.

అంతకన్నా పాడు సంగతి ఇంకోటుంది. ఆ గుంతలో ఏ మొక్కా బతకదు. మునిసిపాలిటీ తోటమాలి రెండు నాటాడు, రెండూ మాడిపోయాయి. ఇప్పుడు మూడోది నాటాడు. అదీ చస్తే గుంతను సిమెంటుతో పూడ్చేస్తామన్నారు పైవాళ్ళు.

ఆ మొక్క బతకడం తోటమాలికి ప్రాణంతో సమానం. అప్పట్లో గొడ్డలి వెనకవైపుతో చెట్టు మాను తట్టి, చప్పుడు విని, "గట్టిగానే ఉంది, ఇంకో ఏడాది ఢోకా లేదు" అన్నది అతనే. మాను గట్టిదే. పుచ్చింది పైకొమ్మ. అది విరిగి పడి సొంత బావ ప్రాణం తీసింది. అప్పట్నించీ అక్క అతని మొహం చూడలేదు.

దెయ్యమో గియ్యమో తేల్చుకుందామని ఆ రాత్రి గుండె రాయి చేసుకుని, ఎదురుగా మూసిన కొట్టు మెట్ల మీద నక్కి కూర్చున్నాడు.

కిర్రు...

వీధి చివర్నించి తెల్లగా ఒక ఆకారం వస్తోంది. అడుగేస్తే — కిర్రు. ఆగితే — ఏమీ లేదు. గుంత దగ్గరికొచ్చి వంగింది.

తెగించి, పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చని చెయ్యి. అక్కది. ఆమె పట్టుకున్న పాత బకెట్టు నిండా పొగలు కక్కే ఉప్పునీళ్ళు. కిర్రుమన్నది దాని పిడి.

"నువ్వా అక్కా..."

"నేనే. ఎన్ని నాటితే అన్నీ చంపుతా." గొంతు పెంచకుండా అంది. "ఇదీ పెద్దదవుతుంది. నువ్వు తట్టి చూసి బాగుందంటావు. ఇంకొకరి కొంప కూలుతుంది."

అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. మొక్క పక్కనే కూలబడ్డాడు. "నన్ను కొట్టు, చంపు... దీన్నొదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా."

అక్కకి కసి తీరలేదు. అయినా చాలాసేపటికి బకెట్టు కింద పెట్టింది.

కిర్రు...

ఇద్దరూ బకెట్టు వైపు చూశారు. పిడి కదల్లేదు. చప్పుడు వాళ్ళ నెత్తి మీద నుంచి వచ్చింది... ఖాళీ ఆకాశంలోంచి.

"లేరా తమ్ముడూ —" అక్క అతని చొక్కా పట్టుకుని అవతలికి ఈడ్చేసింది.

ధబ్... నేల అదిరింది.

వీధి దీపం వెలుగులో చూస్తే అక్కడ కొమ్మా లేదు, ఆకూ లేదు. అతను కూలబడిన చోట మట్టి మాత్రం బారెడు పొడుగునా అణిగిపోయి ఉంది. అందులో ఆ మొక్క, నేలకి అతుక్కుపోయి.