ముత్తమ్మ బాయి కాడ అడిగిన మాట

ముత్తమ్మ బాయి దిక్కు పొద్దుమూకినంక ఎవ్వరూ పోరు.

శంషాబాద్ ఏర్‌పోర్టు గోడ దాటి మహేశ్వరం పోయే తొవ్వల, ప్లాట్ల రాళ్లు పాతిన చేన్ల నడుమ ఉంటదది. పాత మోట బాయి. చుట్టూ సర్కారు తుమ్మలు. మేకలు గూడ ఆ గట్టు ఎక్కవంటరు.

చీకటి పడ్డంక అటు పోయినోళ్లకు ఒక ఆడమనిషి గొంతు వినొస్తదట. గట్టిగ గాదు... మెల్లగ, బతిమాలినట్టు.

"పిల్లగాడు దొరికిండా?"

అంతే. జల్‌పల్లికి పాలు పోసే చందు ఒకపారి విన్నడు. క్యాన్లు ఆడనే పారేసి ఉరికిండు. జరం తగ్గేదాక ఇంట్లకెల్లి బయటికి రాలె.

ఊరోళ్లు చెప్పేది ఒక్కటే — మొగడు సచ్చినంక ముత్తమ్మ ఇద్దరు పిల్లలను బాయిలేసి తను గూడ దుంకింది, ఆ పాపానికే ఇంకా తిరుగుతున్నది అని.

అది అట్ల కాదని తెలిసింది మా షెకీనా అక్కకు. నేను చెప్పేదంతా ఆమె నోట విన్నదే.

షెకీనా అక్క ఏర్‌పోర్టు కార్గోల పని చేస్తది. వాళ్ల తాత యెహోషువ మిషన్ హాస్టల్ల పెరిగినోడు. పసితనంల శంషాబాద్ తొవ్వ మీద ఏడ్చుకుంట తిరుగుతుంటే ఒక పాస్టరు తీసుకపోయి సాదిండట. తల్లెవరో ఆయనకు యాదిలేదు... ఊరు యాదిలేదు. పోయేముందు దవాఖానల అక్క చెయ్యి పట్టుకొని అడిగిండు —

"నన్ను మా అమ్మ పారేసిందా, బిడ్డా?"

ఆ మాట అక్కను నిద్రపోనియ్యలె.

వెతుకుడు మొదలువెట్టింది. తాతకు బాప్తిస్మం ఇచ్చిన చర్చిల, పసితనంల ఆయన చెప్పంగ రాసుకున్న అసలు పేరు దొరికింది. లచ్చుమయ్య... తండ్రి రాజయ్య. ఊరి పేరు గూడ ఉన్నది. ఆ రాజయ్య కోసం సెలవు దొరికినప్పుడల్లా ఆఫీసుల ముందట నిలవడి పాత భూమి పహాణీలు తిప్పించింది. కోర్టు కాయితాలల్ల ఉర్దూల రాసిన వీలునామా దొరికితే, పాతబస్తీల ఒక ముసలాయనతోని చదివించుకున్నది.

భూమి, బాయి — భార్య ముత్తమ్మకు, బిడ్డ రేణుకకు, కొడుకు లచ్చుమయ్యకు. అట్ల రాసి పోయిండు రాజయ్య. కాని ఆయన పోయిన మరుసటేడే పహాణీల తమ్ముడు గోపయ్య పేరెక్కింది. వారసులు ఎవ్వరూ బతికిలేరని.

బతికిలేడన్న ఆ పిల్లగాడే తన తాత! అక్కకు ఒళ్లు జలదరించింది. మరి ఆ తల్లి... నిజంగనే పిల్లలను బాయిలేసిందా?

అంతల ఇంకో మాట తెలిసింది. ప్లాట్లేసేటోళ్లు తెల్లారి ఆ బాయిని పూడుస్తున్నరు.

"ఒక్కసారన్న చూసి రావాలె" అనుకున్నది అక్క. డ్యూటీ దిగి స్కూటీ మీద పోయేటాలకు చీకటయింది.

బండి రోడ్డు మీద ఆపి తుమ్మల నడుమ నడిచింది. ఫోన్ లైటు పాదాల కాడికే ఆగుతున్నది. పురుగు సప్పుడు గూడ లేదు. గట్టు కాడికి పోయింది... వంగి చూసింది... లోపల నీళ్లు నల్లగ —

"పిల్లగాడు దొరికిండా?"

అక్క 'ప్రభువా' అనుకుంట వెనుకకు జరిగింది. ఫోన్ జారి గడ్డిల పడ్డది.

అప్పుడే నెత్తి మీదికెల్లి ఒక విమానం దిగింది. దాని లైట్లు తుమ్మలను ఊడ్చుకుంట పోయినయి. ఆ వెలుగుల కనవడ్డది... గట్టు మీద ముడుచుకొని కూసున్న ముసలామె.

మనిషే. చేతికి కడెం ఉన్నది. కాళ్లకు చెప్పులున్నయి.

అక్కకు పానం లేచొచ్చింది. ఇదా దెయ్యం! మతి తప్పిన ఎవరో అవ్వ, పాపం. మెల్లగ పోయి పక్కన కూసున్నది.

"అవ్వా... ఏ పిల్లగాడు?"

ముసలామె ఇటు తిరగలె. బాయిలకే చూస్తున్నది. విమానం సప్పుడు సద్దుమణిగింది. చీకట్ల మళ్ల —

"పిల్లగాడు దొరికిండా... నా లచ్చుమయ్య?"

ఆ పేరు ఇనంగనే అక్కకు ఏడుపు ఆగలె.

"దొరికిండవ్వా. మంచోళ్లకు దొరికిండు. సదువుకున్నడు, పెండ్లి చేసుకున్నడు, ముసలోడయినంకనే పోయిండు. నేను ఆయన మనుమరాలిని."

ఎవరో గుండెల నిండ పట్టిన ఊపిరి ఇడిసినట్టు వినవడ్డది. గాలి కావచ్చు అనుకున్నది అక్క. ముసలామె చెయ్యి చాపి అక్క మణికట్టు పట్టుకున్నది. గట్టిగ.

తుమ్మల దిక్కుకెల్లి టార్చిలైటు వచ్చింది.

"అవ్వా! ఈడున్నవా!"

వచ్చింది బిక్షం అనే రైతు. "మా ఇంటి అవ్వ, అక్కా. జర కన్ను తప్పితే చాలు, ఈడికే వస్తది."

"అవ్వ పేరేందన్నా?"

"రేణుకమ్మ."

వీలునామాల ఉన్న బిడ్డ పేరు! తనెవరో, ఎందుకొచ్చిందో అంతా చెప్పింది అక్క. బిక్షం టార్చి ఆమె మొఖం మీదికి తిప్పి చూసిండు. ఇగ గొంతు తగ్గించి చెప్పిండు —

"ముత్తమ్మ దుంకలే, అక్కా. గోపయ్యనే బాయిలకు నూకిండు. మా తాత తుమ్మల చాటుకెల్లి చూసిండట. పిల్లలను గూడ పట్టబోతే పిల్లగాడు చీకట్ల ఉరికిండు. ఈమెను మా తాత గొంగడి కప్పి ఎత్తుకపోయిండు. గోపయ్యకు తెలుస్తే సంపుతడని ఎవ్వరికీ చెప్పలె. మా ఇంటి పిల్లనే అని సాదిండు."

అక్క కండ్లు తుడుసుకున్నది.

"తమ్ముని కోసం ఇన్నేండ్లు అడుగుకుంటనే ఉన్నది, పాపం. ఇప్పుడు గూడ అడిగింది."

"ఎవలు?"

"అవ్వనే. నేను వచ్చినకాడికెల్లి రెండుమాట్ల అడిగింది."

బిక్షం ఒక అడుగు వెనుకకు ఏసిండు.

"అవ్వకు మాట రాదక్కా... ఆ రాత్రి పోయిన మాట మళ్ల రాలె. నేను పుట్టిన కాడికెల్లి ఆమె గొంతే ఇనలె."

టార్చి వెలుగు మెల్లగ బాయి దిక్కు తిరిగింది. నీళ్లు కదుల్తలేవు.

రేణుకమ్మ మాత్రం గట్టు మీదికెల్లి ముందుకు వంగింది... లోపలికెల్లి ఎవరో ఏదో చెప్తుంటే ఇంటున్నట్టు, ఊఁ... ఊఁ... అన్న తీరుగ తల ఊపుకుంట.