నేరుగా వెళ్తే పద్నాలుగు నిమిషాలు

"సైంటిస్టు ప్రాణాలతో దిగాలి. అంతే," అన్నాడు చీఫ్. రెండు చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య మూడు వందల ఎనభై కిలోమీటర్లు, వెబ్‌సైట్ లెక్కన గంటా అయిదు నిమిషాలు. ఈ మాత్రానికి తనెందుకని ఏజెంట్ మనసులో విసుక్కున్నాడు. కానీ సైంటిస్టు భార్య గుమ్మంలో నిలబడి, "ఆయన్ని మీ చేతుల్లో పెడుతున్నాను అన్నయ్యా," అనేసరికి ఆ విసుగు కాస్తా ఎగిరిపోయింది.

తెల్ల విగ్గు, చేతికర్రతో తాతయ్య వేషం కట్టి ఏజెంట్ సైంటిస్టు పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో తోటి ఏజెంట్ మైనా. డిపార్ట్‌మెంట్‌లో అందరి చూపూ ఆమె మీదే. ఆమె చూపు మాత్రం ఇవాళ వాచీ మీద నుంచి కదలడం లేదు. రన్‌వే మీద వేరే విమానం టైరు పేలడంతో వీళ్ల బుల్లి విమానం అరగంటకి పైగా పడిగాపులు కాసి ఎగిరింది.

సగం దారి దాటాక ఆమె ముందుకి వంగి అతని చెవిలో చెప్పింది.

"సైంటిస్టు గారి పెట్టెలో బాంబుంది. పెట్టింది నేనే."

మైనా విదేశీ ముఠాకి ఎప్పుడో అమ్ముడుపోయింది. ఆయన దిగి పెట్టె అందుకునే వేళకి పేలేలా, వెబ్‌సైట్‌లో ప్రయాణ సమయం చూసి మరీ టైమర్ పెట్టింది. విమానం ఆలస్యంగా బయల్దేరవచ్చన్న ఆలోచనే రాలేదు ఆ మహాతల్లికి. పెట్టె చూస్తే కింది లగేజీ అరలో ఉంది, గాల్లో ఉండగా అది తెరుచుకోదు. ఇక మిగిలింది పదహారు నిమిషాలు.

ఏజెంట్ కాక్‌పిట్‌లోకి దూరి సంగతి చెప్పాడు. దిగడానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలు పడుతుందన్నాడు పైలట్. మధ్యలో మిసైళ్లు పరీక్షించే రేంజ్ ఉంది, దాన్ని చుట్టి వెళ్లాలి. అడ్డంగా పోతే పద్నాలుగే, కానీ ఇవాళ అక్కడ టెస్ట్ ఫైరింగ్. ఏజెంట్ జేబులో పెన్‌గన్ ఉంది, కోటుకి బొత్తాం కెమెరా ఉంది. రెండూ దేనికీ పనికిరాలేదు. రేడియో అందుకుని, చీఫ్‌కి చేర్చమని టవర్‌కి కోడ్ చెప్పాడు: అమ్మమ్మకి సీరియస్, అడ్డదారిన వస్తున్నాం.

జవాబు లేదు.

"పర్మిషన్ లేకుండా తిప్పితే మనవాళ్లే కూల్చేస్తారండీ," అన్నాడు పైలట్.

"తిప్పకపోయినా పోతాం. తిప్పండి కెప్టెన్."

విమానం ఒరిగింది. రేడియోలో గరగర తప్ప మాట లేదు. సైంటిస్టు ఏమీ ఎరగకుండా నిద్రపోతున్నాడు. ఆ మొహం చూస్తే ఏజెంట్‌కి ఏడుపొచ్చింది. నమ్మి పంపిన ఆ చెల్లెలికి ఏమని చెప్పాలి? రేంజ్ కంచె కింద కనిపిస్తుండగా చీఫ్ గొంతు వినిపించింది. ఫైరింగ్ ఆపించాను, రండి అన్నాడు.

విమానం నేల మీద ఆగేసరికి నిమిషం చిల్లర మిగిలింది. ఏజెంట్ తలుపు తీసి పద్దెనిమిది మంది ప్రయాణికులనీ దాదాపు తోసేశాడు. మోకాళ్ల నొప్పులతో నడవలేని సైంటిస్టుని భుజాన వేసుకుని పరిగెత్తాడు. విగ్గు ఎటో ఎగిరిపోయింది. ఇద్దరూ గడ్డిలో బోర్లా పడగానే వెనక విమానం ఢామ్మని పేలింది. సైంటిస్టు తలెత్తి, తన పెట్టె ఏదని అడిగాడు. ఏజెంట్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బేడీలతో జీపెక్కుతూ మైనా, జైలు ఎంత దూరమంది.

"పది కిలోమీటర్లు. వెళ్లడానికి పావుగంట," అన్నాడు ఏజెంట్. "తిరిగొచ్చే టైమ్ జడ్జిగారు చెప్తారు."