ఐదో స్పీకరు

"నువ్వు దాన్ని ముట్టుకోమాక. సోమవారం కొట్టోళ్ళ మనిషి వస్తాడంట గదా, ఆయనే బిగిస్తాడు," అన్నాడు శేషగిరిరావు బాబాయి, గుమ్మంలో నిలబడి.

హిమజ తల ఎత్తలేదు. హాల్లో నేల మీద కూర్చుని, అట్టపెట్టె మీది టేపును గోళ్ళతో పీకుతోంది. చుట్టూ థర్మోకోల్ ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, వైర్ల చుట్టలు.

"సోమవారం దాకా ఆగితే రేపు అక్క మ్యాచ్ ఎట్టా చూస్తాం బాబాయ్?"

"పాత టీవీలో చూడండి."

"దాంట్లో యూట్యూబ్ రాదు."

"అయితే మీ నాన్నని రానియ్యి. ఆడపిల్లవి, వైర్లతో నీకెందుకు?"

బాబాయి ఎదురింటాయన. చుట్టం కాదు, కానీ కారంపూడిలో ఆ వీధి పిల్లలందరికీ ఆయన బాబాయే. అడక్కుండానే సలహాలిస్తాడు. వినకపోతే మళ్ళీ వచ్చి ఇస్తాడు.

హిమజకు ఒళ్ళు మండింది. ఆరో తరగతి చదువుతోంది. ఇంట్లో ఎవరి ఫోన్ మొరాయించినా తన దగ్గరికే తెస్తారు. అప్పుడు గుర్తుకురాని ఆడపిల్ల ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?

"నేనే పెడతా. ఎవరూ రానక్కర్లా," అంది.

"చూద్దాంలే," అని నవ్వుకుంటూ వెళ్ళాడు బాబాయి. ఆ నవ్వు హిమజకు అసలు నచ్చలేదు.

ఆదివారం గుంటూరులో అమ్మాయిల కబడ్డీ ఫైనల్. హిమజ అక్క లిఖిత అందులో ఆడుతోంది. యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నారు, తెలుగు కామెంటరీతో. అందుకే నాన్న సుధీర్ బాబు, మిరపకాయలు అమ్మగానే అందరినీ నరసరావుపేట తీసుకెళ్ళి కొత్త టీవీ కొన్నాడు.

కొట్లో పెద్ద చర్చే జరిగింది. నాన్న గోడంత టీవీ ముందు నిలబడి కదలనన్నాడు. "మన హాల్లో అది పెడితే మనం వీధిలో కూర్చుని చూడాలి," అంది అమ్మ కృష్ణకుమారి. చివరికి మధ్యస్తంగా ఉన్నది తీసుకున్నారు. బొమ్మలో చీమ కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

అప్పుడు నానమ్మ పార్వతమ్మ ఒకే మాట అంది.

"బొమ్మ ఎంతుంటే ఏంది? నాకు మాట వినపడాల."

నానమ్మకు దూరపు చూపు సరిగా ఆనదు. మైదానంలో జట్టంతా ఒకే రంగు చొక్కాలు వేసుకుంటే, అందులో మనవరాలు ఎవరో ఆమెకు తెలియదు. స్కోరు చదవలేదు. కామెంటరీలో పేరు వింటేనే ఆమెకు ఆట.

అందుకే హోమ్ థియేటర్ కూడా తీసుకున్నారు. నానమ్మ మాట అందరూ విన్నారు. విని, అన్నిటికన్నా ఎక్కువగా దడదడలాడే సెట్టును ఎంచుకున్నారు. అది హిమజే ఎంచింది.

* * *

పక్కింటి జెబా సాయం వచ్చింది. ఇద్దరూ కలిసి టీవీని టేబుల్ మీద నిలబెట్టారు. హోమ్ థియేటర్ పెట్టెకు ముందు ఒక స్పీకరు తగిలించి, పెట్టె నుంచి టీవీకి వైరు కలిపారు. ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది గానీ స్పీకరులో చప్పుడు లేదు.

"పాడైందేమో," అంది జెబా భయంగా.

"పాడూ లేదు, గీడూ లేదు." హిమజ టీవీ వెనక్కి దూరింది. అక్కడ ఒకే రకం సందులు మూడున్నాయి. ఒక దాని పక్కన మాత్రం చిన్న అక్షరాల్లో ఏఆర్‌సీ అని ఉంది. టీవీ చప్పుడు బయటి స్పీకర్లకు వెళ్ళే సందు అదే. వైరు తీసి అందులో పెట్టింది. స్పీకరు బుసకొట్టి పలికింది.

జెబా చప్పట్లు కొట్టింది. హిమజకు తను ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించింది. ఆ సమయంలో బాబాయి గుమ్మంలో లేనందుకు బాధ కూడా కలిగింది.

ఇక స్పీకర్లు. దడదడలాడే పెద్ద డబ్బా ఒకటి, చిన్నవి ఐదు. హాలుకు మూలలు నాలుగు. మూలకొకటి పెట్టేసరికి ఒకటి మిగిలింది.

"ఇదెక్కడ?" అంది జెబా.

"అది స్పేర్. ఏదన్నా పాడైతే పెట్టుకోడానికి ఇస్తారు."

"మరి పెట్టె వెనక పచ్చరంగు సందు ఖాళీగా ఉందేందే?"

"అదీ స్పేరే."

"సందు కూడా స్పేరా?"

"నీకు తెలవదు, ఊరుకో," అంది హిమజ. నిజానికి తనకూ తెలియదు. కానీ అప్పటికే ఒకసారి గెలిచింది కదా, అడగాలనిపించలేదు.

మిగిలిన స్పీకరు ముద్దుగా ఉందని అద్దాల షోకేసులో, అక్క గెలిచిన కప్పుల మధ్య పెట్టింది. సాయంత్రం అమ్మ వచ్చి టీవీకి, స్పీకర్లన్నిటికీ, ఆఖరికి రిమోట్‌కు కూడా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. షోకేసులో దానికీ ఒక బొట్టు దక్కింది.

నాన్న కల్లం నుంచి రాగానే టీవీ పెట్టారు. హాలు అదిరింది. షోకేసు అద్దాలు గలగలలాడాయి. నాన్న కళ్ళు పెద్దవి చేసి, "అబ్బో, నా తల్లే! ఒక్కదానివే పెట్టావా?" అన్నాడు.

హిమజ ఎదురింటి వైపు చూసింది, వినపడాలని.

నానమ్మ తన కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. కాసేపు విన్నది. తర్వాత మెల్లగా, "మాటలేవమ్మా?" అంది.

"వస్తన్నయ్ గదా నానమ్మా."

"దబదబ వస్తంది. గోల వస్తంది. మాట రావట్లా."

హిమజ సౌండు పెంచింది. గోడ మీది క్యాలెండర్ ఊగింది.

"ఇంకా రావట్లా," అంది నానమ్మ.

"అందరికీ వినపడతంది! నీకే చెవులు సరిగా లేవు!" అని అరిచింది హిమజ.

నానమ్మ పైట సర్దుకుని లేచింది. అమ్మ కంగారుపడి, నరసరావుపేటలో చెవుల డాక్టరు ఉన్నాడని, సోమవారం చూపిద్దామని నాన్నతో అంది.

గుమ్మం దాకా వెళ్ళిన నానమ్మ వెనక్కి తిరిగింది.

"నేను రాను. నా చెవులకు ఏ రోగమూ లేదు. ఎత్తుకుపోయినా రాను."

హిమజ మూలల్లోని స్పీకర్ల వైపు ఒకసారి చూసింది. కానీ తప్పు స్పీకర్లలో ఉందంటే? బాబాయి మళ్ళీ నవ్వుతాడు. 'నేను ముందే చెప్పలా,' అంటాడు. కాబట్టి తప్పు చెవుల్లోనే ఉండాలి. అలా అని హిమజ నిర్ణయించేసుకుంది.

* * *

ఆదివారం వీధిలో సగం మంది హిమజ వాళ్ళ హాల్లోనే ఉన్నారు. బాబాయి అందరికన్నా ముందొచ్చి సోఫా మధ్యలో కూర్చున్నాడు.

మ్యాచ్ మొదలైంది. నాలుగు మూలల నుంచీ జనం కేకలు, ఈలలు, డప్పులు. "గుంటూరు వెళ్ళి కూర్చున్నట్టే ఉందిరా!" అన్నాడు బాబాయి. పైకి చెప్పలేదు గానీ, హిమజ పని ఆయనకు నచ్చినట్టే ఉంది.

నానమ్మ కుర్చీ గోడ పక్కన ఉంది. ఆమె ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. వాళ్ళు అరిస్తే, ఏం జరిగిందో అడగాలని నోరు తెరుస్తోంది. ఎవరూ ఆమె వైపు చూడట్లేదు.

"ఇప్పుడు వెళ్ళింది మన లిఖితేనా?" అని ఒకసారి అడిగింది.

"కాదత్తా, వేరే పిల్ల," అంది అమ్మ, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఆ మాటలు చెప్పేటాయన ఏమంటన్నాడు?"

"మాటలదేముంది పెద్దమ్మా, స్కోరు కనపడతంది గదా!" అన్నాడు బాబాయి.

నానమ్మ లేచి పెరటి వరండాలోకి వెళ్ళిపోయింది. అక్కడ పీట మీద కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

సగం ఆట అయి విరామం ఇచ్చారు. స్కోరు సమానంగా ఉంది. హిమజ, జెబా మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళారు. అక్కడ నుంచి నానమ్మ వీపు కనిపిస్తోంది.

"మీ నానమ్మ చూడదా?" అంది జెబా.

హిమజ జెబా చెవి దగ్గరికి వంగి, గాలి వదిలినంత మెల్లగా, "నానమ్మకి చెవుడు," అంది.

"ఎవతికే చెవుడు?"

వరండాలో నుంచి వచ్చింది ఆ కేక. నానమ్మ తల కూడా తిప్పలేదు. చేతిలో మిరపకాయ తొడిమ పుటుక్కున విరిగింది.

ఇద్దరూ బిగుసుకుపోయారు.

"నాకే సరిగా వినపడలా నువ్వన్నది," అంది జెబా, ఈసారి మామూలు గొంతుతోనే. మెల్లగా మాట్లాడి లాభం లేదని తెలిసిపోయింది కదా.

హిమజ గ్లాసు అక్కడే పెట్టి హాల్లోకి వచ్చింది. ఆట మళ్ళీ మొదలైంది. ఖాళీగా ఉన్న నానమ్మ కుర్చీలో తను కూర్చుని గట్టిగా కళ్ళు మూసుకుంది.

కేకలు. ఈల. డప్పు. దబ్ దబ్. వాటన్నిటి వెనక ఎవరో మాట్లాడుతున్నాడు, ముఖం మీద దిండు పెట్టుకున్నట్టు. ఒక్క పేరు కూడా తెలియలేదు. అక్క పేరు కూడా.

ఇంతసేపూ తను వినలేదు, చూసింది. కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళకు మాటలతో పని లేకపోయింది.

కళ్ళు తెరిచింది. ఎదురుగా షోకేసులో, కప్పుల మధ్య, బొట్టు పెట్టుకుని కూర్చుంది ఐదో స్పీకరు. సందు కూడా స్పేరా అని జెబా అడిగిన మాట గుర్తొచ్చింది. అది స్పేరు కాదు, మాటలు పలకాల్సింది అదే.

హిమజకు సిగ్గేసింది. ఆ వెంటనే బాబాయి కనిపించాడు, సోఫా మధ్యలో. ఇప్పుడు లేచిందంటే వీధి వీధంతా చూస్తుంది. మ్యాచ్ అయ్యాక ఎవరూ లేనప్పుడు మెల్లగా పెట్టేస్తే ఎవరికీ తెలియదు. కానీ అప్పటికి అక్క ఆట అయిపోతుంది. నానమ్మ తొడిమలు తీస్తూనే ఉంటుంది.

హిమజ లేచి వెళ్ళి హోమ్ థియేటర్ స్విచ్ ఆపేసింది.

హాలు ఒక్కసారిగా మూగబోయింది. తెర మీద అమ్మాయిలు చప్పుడు లేకుండా పరిగెత్తుతున్నారు.

"ఏయ్! ఏందిది?" "ఎవరాపింది?" "ఇప్పుడా?" అందరూ ఒక్కసారే అరిచారు. నాన్న కూడా, "హిమజా, తర్వాత చేద్దువుగానిలే అమ్మా!" అన్నాడు.

"తర్వాత కాదు. ఇప్పుడే," అంది హిమజ.

"నేను ముందే చెప్పలా?" బాబాయి లేచి నిలబడ్డాడు. "ఆడపిల్లకు వైర్లెందుకని? తప్పు పెట్టుంటది."

హిమజ షోకేసు తలుపు తీసింది. స్పీకరును గుండెలకు హత్తుకుని, దాని వైరు నేల మీద ఈడుస్తూ వచ్చి బాబాయి ఎదురుగా నిలబడింది.

"అవును బాబాయ్, తప్పే పెట్టా. ఆడపిల్లనని కాదు, జెబా అడిగినా వినకుండా పెట్టా, నానమ్మ చెప్పినా వినకుండా పెట్టా. నేనే పెట్టా, నేనే సరిచేస్తా. నువ్వు కాస్త పక్కకు జరుగు, వైరు నీ కాలి కింద ఉంది."

బాబాయి కిందికి చూశాడు. జరిగాడు.

జెబా అప్పటికే పెట్టెను ముందుకు తిప్పి పట్టుకుంది. హిమజ వైరు చివరను పచ్చరంగు సందులో గుచ్చింది. స్పీకరును మూలలో కాదు, టీవీకి సరిగ్గా కింద, మధ్యలో పెట్టింది. స్విచ్ వేసింది.

"...రైడ్‌కి వస్తోంది పల్నాడు అమ్మాయి లిఖిత! కుడివైపు నుంచి లోపలికి... బోనస్ గీత మీద కాలు..."

కామెంటరీ చెప్పేవాడు హాల్లోనే కూర్చున్నట్టుంది. ఎవరూ అరవలేదు. అంతసేపూ ఆయన ఇన్ని మాటలు చెబుతున్నాడని వాళ్ళకూ తెలియదు.

వరండాలో పీట జరిగిన చప్పుడైంది. నానమ్మ గుమ్మంలోకి వచ్చింది, చేతుల నిండా మిరప ఘాటుతో.

"...తాకింది! ఒకరిని కాదు, ఇద్దరిని తాకింది లిఖిత! వెనక్కి దూకింది, గీత దాటింది!"

"లిఖితంట," అంది నానమ్మ. ఆమె ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. "ఇద్దరంట! విన్నారా?" అని ఆమే అందరికీ చెప్పింది.

హిమజ ఆమె దగ్గరికి వెళ్ళింది.

"నానమ్మా, నీ చెవులు బాగానే ఉన్నయ్. నేనే తప్పు పెట్టి నిన్ను మాటన్నా. డాక్టరు దగ్గరికి వద్దని అమ్మకు చెప్తా."

"నాకు తెలుసులే. నా చెవులు నాయి గదా," అంది నానమ్మ. ఇంకా కోపంగానే ఉంది. కానీ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది, ముందుకు వంగకుండా, వెనక్కి ఆనుకుని.

హిమజ సౌండు పెంచబోయి ఆగింది. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది.

"ఎంత పెట్టమంటావు?"

"తగ్గించవే," అంది నానమ్మ. "నాకేమన్నా చెవుడా?"

హిమజ తగ్గించింది. కిటికీ రెక్కలు అదరడం మానేశాయి.

"ఇంకాస్త పెంచమ్మా, ఆ దడదడ ఉంటే బాగుంటది," అన్నాడు బాబాయి సోఫాలోంచి.

"నానమ్మ చెప్పినంతే బాబాయ్," అంది హిమజ. రిమోట్ తీసుకెళ్ళి నానమ్మ ఒళ్ళో పెట్టింది.