సిమ్ లేని పలక

ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లినవాడు కొండదారిలో ఇరవయ్యో కిలోమీటరు రాయి దగ్గర చనిపోయాడు. కారు అద్దానికి ఒకటే చిల్లు. ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఆ కొండమీద ఎక్కడ సిమ్ పనిచేసినా ముఠావాళ్లకి తెలిసిపోతోంది," అన్నాడు చీఫ్, ఫొటో బల్లమీద పెడుతూ. "పది నిమిషాల్లో వచ్చి కాల్చేస్తున్నారు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఫొటో చూసి మోకాలు రుద్దుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని తాబేలు అంటారు. నెమ్మదిగా వెళ్తాడు, వెళ్లినచోటికి చేరతాడు. ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. ఇంట్లో భార్యకి మాత్రం అతను పంపుసెట్ల సేల్స్‌మేన్. చనిపోయినవాడికి కారు నడపడం నేర్పింది తనే. ఏడవడానికి కూడా ఓపిక లేదనిపించింది.

"పనేంటో చెప్పండి."

చీఫ్ చెప్పాడు. సరిహద్దు అవతలి ఆ ముఠా డ్యామ్‌లో పనిచేసే ఇంజనీర్‌ని బెదిరించి, గేట్ల కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం పెట్టించింది. సాయంత్రం నాలుగింటికి గేట్లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. కరెంటు తీసేస్తే ఆ క్షణమే తెరుచుకుంటాయి. దిగువన పన్నెండు ఊళ్లు. ఇంత తక్కువ టైములో ఖాళీ చేయించడం అయ్యే పని కాదు. ఆపాలంటే ఇంజనీర్ వేలిముద్ర కావాలి. ఆయన పారిపోయి కొండమీద ఓ ఇంట్లో దాక్కుని, డిపార్ట్‌మెంట్‌కి కబురు పంపాడు.

"ఆయన్ని తీసుకొచ్చి డ్యామ్ కంట్రోల్ రూంలో దింపాలి. అంతే."

"అంతే," అన్నాడు తాబేలు. చీఫ్ నోట ఆ మాట విన్నప్పుడల్లా అతనికి ఒక పన్ను ఊడినంత పనయ్యేది.

గ్యాడ్జెట్లు చూసే పెద్దావిడ ఓ టాబ్లెట్ తెచ్చి చేతిలో పెట్టింది. "దీనికి సిమ్ లేదు. నెట్ లేదు. మ్యాప్ మొత్తం ముందే డౌన్‌లోడ్ చేశాను. నువ్వు ఎక్కడున్నావో మాత్రం దీనంతట ఇది చెప్పలేదు. అందుకని ఈ రిసీవర్." అగ్గిపెట్టెంత నల్లడబ్బా ఒకటి ఇచ్చింది. "ఉపగ్రహాలు చెప్పింది వింటుంది, టాబ్లెట్‌కి చేరవేస్తుంది. బయటికి ఒక్క కబురూ పోదు."

"చెప్పింది విని ఊరుకోవడమా? మా అల్లుడికి ఇలాంటిదొకటి బిగించకూడదూ?"

ఆవిడ నవ్వింది. చీఫ్ నవ్వలేదు. "ఇంజనీర్‌ని గుర్తుపట్టడానికి కోయిల నీతో వస్తుంది. మొగుడూ పెళ్లాల్లా వెళ్లండి."

కోయిల రెండేళ్ల క్రితం ఆ ముఠాని వదిలి ఇటు వచ్చిన ఏజెంట్. ఆమె గదిలోకొస్తే గుమాస్తాలు టైపు చేయడం ఆపేసేవారు. ఆకుపచ్చ చీర, నల్లకళ్లద్దాలు, చిన్న తోలు హ్యాండ్‌బ్యాగ్. పక్కన తాబేలు నలిగిన చొక్కాలో నిజంగానే పాతకాపురం మొగుడిలా ఉన్నాడు.

కొండ ఎక్కినంతసేపూ మ్యాప్‌మీద నీలం చుక్క బుద్ధిగా కదిలింది. రెండింటికి ఇల్లు దొరికింది. తాబేలు తలుపు కొట్టాడు.

"వాన పడేలా ఉందా?" అంది లోపలి గొంతు.

"గొడుగు బస్సులో మర్చిపోయాను."

తలుపు తెరుచుకుంది. బక్కపలచటి మనిషి. భుజాల మీద దుప్పటి. కోయిల తల ఊపింది. ఆయనే.

తిరుగు ప్రయాణంలో పెట్రోలు బంకు దగ్గర ఆగి తాబేలు మొహం కడుక్కుని వచ్చాడు. టాబ్లెట్ కోయిల ఒళ్లో ఉంది. "దుమ్ము తుడిచాను," అంది. అతను దాన్ని స్టాండ్‌లో పెట్టి బండి కదిలించాడు.

పది నిమిషాలు గడిచాయి. తెరమీద దారి ఒకచోట ఎర్రగా మారింది. కింద అక్షరాలు: ముందు ట్రాఫిక్ జామ్, ఎనిమిది నిమిషాలు ఆలస్యం.

తాబేలు ఆ ఎరుపు వైపు చూశాడు. డౌన్‌లోడ్ చేసిన మ్యాప్‌కి దారులు తెలుస్తాయి. ఈ క్షణంలో ఆ దారిలో ఎన్ని బళ్లు ఆగాయో దానికెలా తెలుస్తుంది? ఎవరో చెప్పాలి. అంటే కారులో నెట్ ఉంది. కారు ఎక్కడుందో టాబ్లెట్ ఆ నెట్‌లోంచి ముఠాకి చెప్పేస్తోంది. ముందున్న జామ్ కూడా వాళ్లు అడ్డం పెట్టిన లారీయే అయ్యుండాలి.

కోపం రాలేదు. ఒళ్లంతా నీరసం కమ్మింది. బండి పక్కకి తీసి ఆపాడు.

"ఆ హ్యాండ్‌బ్యాగ్ ఇలా ఇవ్వండి మేడమ్."

ఆమె నవ్వుతూ బ్యాగ్ తెరిచింది. చేతిలోకి చిన్న పిస్తోలు వచ్చింది.

"ఎలా తెలిసింది?"

"నోరులేని టాబ్లెట్ ట్రాఫిక్ కబుర్లు చెప్తోంది. బ్యాగులో వైఫై డాంగిల్ కదూ?"

"తెలివైనవారే. కానీ ఆలస్యం చేశారు." ఎడమచేత్తో రిసీవర్‌ని పెరికి కిటికీలోంచి బండరాయికేసి కొట్టింది. అది ముక్కలైంది. "మావాళ్లు వచ్చేదాకా ముగ్గురం ఇక్కడే కూర్చుందాం."

వెనకసీట్లో ఇంజనీర్ ఏడుస్తున్నట్టు వినిపించింది. అంతలోనే ఆయన భుజాల మీది దుప్పటి ఎగిరొచ్చి ఆమె తలమీద పడింది. పిస్తోలు పేలి కారు పైకప్పుకి చిల్లు పడింది. తాబేలు ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. పిస్తోలు జారింది. తలుపు తెరిచి, ఆమెనీ బ్యాగునీ దుప్పటితో సహా గడ్డిమీదికి తోసి, బండి వెనక్కి తిప్పాడు.

"నేనా... నేనేనా అది చేసింది?" అన్నాడు ఇంజనీర్, తన చేతులు చూసుకుంటూ.

"మీరే. ఇప్పుడు ముందుకొచ్చి మ్యాప్ పట్టుకోండి."

నీలం చుక్క కారు ఆగినచోటే గడ్డకట్టింది. ముఠా తెరమీదా అది అక్కడే ఉంటుంది. వాళ్లు అక్కడికే వెళ్తారు, తాబేలుకి బదులు కోయిల దొరుకుతుంది. అదొక్కటే ఊరట. మిగతాదంతా కష్టమే. మ్యాప్ ఉంది, అందులో తామెక్కడున్నారో తెలియదు. తాబేలు పాత క్వారీ రోడ్డు పట్టాడు. కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతూ, ఇంజనీర్ తెరమీద వేలు జరిపాడు.

"ఎడమవైపు వంతెన రావాలి సార్... వచ్చింది! ఇక కుడివైపు మలుపు..."

కుడివైపు మలుపులు రెండొచ్చాయి. మ్యాప్‌లో ఒకటే ఉంది. టైము మూడూ నలభై. మేకలు తోలుకెళ్తున్న ముసలమ్మ కనబడితే తాబేలు తల బయటపెట్టాడు.

"డ్యామ్‌కి ఏ దారమ్మా?"

ఆమె టాబ్లెట్ వంక చూసింది. "ఒళ్లో అంత పలక పెట్టుకుని నన్నడుగుతారేంటయ్యా? రెండోది. మొదటిదాంట్లో పోతే రాళ్లగుంటలో పడతారు."

డ్యామ్ చేరేసరికి మూడూ యాభై ఎనిమిది. తాబేలు ఇంజనీర్ రెక్క పట్టుకుని మెట్లమీద దాదాపు మోసుకెళ్లాడు. కంట్రోల్ రూంలో అంకెలు తగ్గుతున్నాయి. ఇంజనీర్ బొటనవేలు పెట్టాడు. మెషిన్ ఒప్పుకోలేదు. చెమట.

"తుడవండి," అన్నాడు తాబేలు, తన చొక్కా అంచు అందిస్తూ.

మళ్లీ పెట్టాడు. నాలుగు. మూడు. అంకె అక్కడే ఆగింది. పచ్చదీపం వెలిగింది. ఇంజనీర్ నేలమీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. తాబేలు ఆయన వీపు తట్టాడు. కిటికీలోంచి దిగువన ఊళ్లు కనిపిస్తున్నాయి. ఎవరో డాబామీద బట్టలు తీస్తున్నారు.

తాబేలు కుర్చీ ఒకటి లాక్కుని కూలబడి, కళ్లు మూసుకుని, "ఓ పది నిమిషాలు నన్నెవరూ కదపకండి," అన్నాడు.

గుమ్మంలో సెక్యూరిటీ గార్డు దగ్గాడు. "ఆ తెల్లకారు తమరిదేనా సార్? నో పార్కింగ్‌లో ఉంది. తీసొచ్చి పడుకోండి."