తూర్పు చుక్క

పలకలు వెలిగాయి. సాయంత్రపు బడిలో నలభైమంది పిల్లలూ వేళ్లు లంగాలకీ లాగులకీ తుడుచుకుని కూర్చున్నారు. మాణిక్యాంబ వరుసల మధ్య తిరుగుతూ చార్జింగు చూసింది. ఎవరూ పక్కవాళ్లది చూసి చేయకుండా కాయడం, చివర్లో 'ఇది పిల్లల సొంత జవాబే' అని బొటనవేలి ముద్ర వేయడం ఆవిడ ఉద్యోగం.

మిగతా వేళంతా కోతలు కోసేది. బడి వెనకున్న కడలికట్టను దాటబోయిన కాకి మధ్యలో బస చేసి మర్నాటికి చేరిందని ఆవిడ చెబితే, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఇవాళ్టి ఇంజనీరింగు పాఠం: కట్టకు పోటు మించింది, ఏ తలుపు ఎత్తి నీళ్లు వదిలితే నష్టం తక్కువ? పటంలో పట్నం పెద్ద చుక్క, పక్కనే దాని బరువు, అంటే అది మునిగితే ఎంత నష్టమో చెప్పే పెద్ద అంకె. తూర్పున పేరులేని చిన్న చుక్క, పక్కన చిన్న అంకె.

పెద్దవాళ్ల లెక్కల్లో చుట్టరికాలు దూరుతున్నాయని, యంత్రాంగం పిల్లల జవాబులనే తలుపులకు పంపడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లు. ఆ సంగతి పిల్లలకు తెలియదు. మాణిక్యాంబకు తెలుసు. నిరుడు పడమటిపేటకు ముద్ర వేసిందీ ఆవిడే. ఆ పేట పిల్లల వరుస ఇప్పటికీ ఖాళీ.

"అయిపోయిందండి టీచరుగారూ," అంది పోలేశ్వరి. వేలు తూర్పు చుక్క మీదుంది. "ఇక్కడ తలుపెత్తేస్తే సరిపోద్దండి."

"సరిగ్గా చూసుకున్నావా?"

"రెండుసార్లు చూశానండి. ఇంత తేలిక లెక్క మీకూ వచ్చేద్దండి."

లెక్కలో తప్పు లేదు. ఆ చుక్క కొత్తదిబ్బ. ఈ వేళకి పోలేశ్వరి తల్లి అక్కడ ఎండుచేపలు బుట్టకెత్తుతూ ఉంటుంది.

పలక ముద్ర అడిగింది. మాణిక్యాంబ బొటనవేలు కొంగున దాచుకుంది.

"పోలీ, అది మీ ఊరే. మీరు వేలు పెట్టిన తలుపే అక్కడ లేస్తది."

"ఊరుకోండి. మళ్లీ కాకి కథా?"

"పడమటిపేటకి వేలు పెట్టిందీ మీరేనమ్మా."

పోలేశ్వరి ఖాళీ వరుస కేసి చూసింది. నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. చిన్న చుక్క పక్కనున్న అంకె చెరిపి, పట్నం అంకె వేసింది. పలకను పక్కపిల్ల వైపు తిప్పింది.

చూసి చేయనివ్వని మనిషి కిటికీ వైపు తిరిగి నిలబడింది.

మళ్లీ ఇటు తిరిగేసరికి నలభై పలకల మీదా అన్ని చుక్కలదీ ఒకటే బరువు. మాణిక్యాంబ 'సొంత జవాబే' అని ఒక్కొక్కదానికీ ముద్ర వేసింది.

కట్ట మీద తలుపులు దేన్నెత్తాలో తేలక ఆగిపోయాయి. సముద్రానికి ఆగమని ఎవరూ చెప్పలేదు.