అలివేలమ్మ కాఫీ

ఆ అమావాస్య పొద్దున పది గంటలకు, తిరుపతి గాంధీరోడ్డులో ఎస్టీడీ బూత్ పైనున్న ఆనందమ్మ ఆఫీసుకు ఒక నడివయసు స్త్రీ మెట్లెక్కి వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారియర్ గిన్నె. రెండు చేతులా పట్టుకొని, కదలకుండా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"కార్వేటినగరం నించి ఒళ్ళో పెట్టుకొని వచ్చినాను. బస్సులో రొంత తొణికింది," అంది.

మూత తీస్తే లోపల ఒక ఇత్తడి గ్లాసు నిలబెట్టి ఉంది. గ్లాసులో చల్లారిపోయిన కాఫీ.

ఆనందమ్మ పోలీసు శాఖలో వేలిముద్రల విభాగంలో ఇరవై ఏళ్ళు గుమస్తాగా చేసి, ఆరేళ్ళ కిందట సొంతంగా ఈ ప్రైవేటు డిటెక్టివ్ పని పెట్టుకుంది. ఆమె సహాయకుడు మునికుమార్ ఒకప్పటి కోర్టు టైపిస్టు. తనకు కనబడనిది ఆమెకు కనబడుతుందని అతనికి గట్టి నమ్మకం. ఇప్పుడు ఇద్దరూ ఆ గ్లాసు కేసి చూశారు. అతనికి కనబడింది కాఫీ ఒక్కటే.

"ఇది మా అత్తకు పెట్టిన కాఫీ అక్కా," అంది ఆమె. "మా అత్త పోయి రెండేళ్ళు దాటింది."

ఆమె పేరు వరలక్ష్మమ్మ. అత్త అలివేలమ్మకు కాఫీ అంటే ప్రాణం. రొమ్ము క్యాన్సర్ వచ్చి అమావాస్య నాడు చనిపోయింది. ఆమె మంచంలో ఉండగానే కొడుకు, వరలక్ష్మమ్మ భర్త పరంధామయ్య పేపర్లో ఏదో చదివి, కాఫీ తాగే ఆడవాళ్ళకు ఈ జబ్బు వస్తుందని ఇంట్లో కాఫీ మాన్పించాడు. ఆ పేపరు ముక్కను వంటింటి తలుపుకు అంటించి, తానూ మానేశాడు. ఫిల్టర్ అత్త పెట్టెలోకి పోయింది. ఆమె పోయాక గదికి తాళం పడింది; ఫొటోకు అగరొత్తి వెలిగించడానికి తప్ప తియ్యరు.

"మూడు నెలల కిందట రెండో సంవత్సరికం పెట్టినాము. ఆ రోజు కాకి ఎంతసేపటికీ ముద్ద ముట్టలేదు. మధ్యాన్నం దాటినాక వచ్చింది. అప్పటి నించి మూడు అమావాస్యలు, తెల్లారుజామున ఇల్లంతా కాఫీ వాసన. తాళం తీసి చూస్తే అత్త ఫొటో కింద గ్లాసు. ముందు రెండు తూర్లూ గ్లాసు ఖాళీ. అడుగున మడ్డి మాత్రం ఉండాది. ఈ పొద్దు నిండుగా ఉండాది." ఆమె గొంతు తగ్గింది. "రెండు తూర్లు ఆమె తాగిపోయింది. ఈ తూరి నాకు పెట్టిపోయింది."

"నీకేనని ఎట్లా తెలుసు?"

వరలక్ష్మమ్మ మునికుమార్ వైపు చూసి తల వంచుకుంది. అతను అర్థం చేసుకొని, ఫోన్ చేసుకొస్తానని కిందికి దిగిపోయాడు.

"పక్కింటి తిరుమలమ్మ కాడ దొంగతనంగా రోజూ కాఫీ తాగతా ఉండాను అక్కా. ఇప్పుడు ఎడమ పక్క రొమ్ములో చింతగింజంత గడ్డ తగలతా ఉండాది. రెండు నెలలాయ. ఎవురికీ చెప్పలేదు. చెప్తే తాగినావు కదా, అనుభవించు అంటారు." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆ గ్లాసు పెట్టింది మనిషైతే చెప్పు, ఆస్పత్రికి పోతాను. మా అత్తే అయితే పిలుపొచ్చినాక ఆస్పత్రి ఎందుకు?"

ఆనందమ్మ గిన్నెలోంచి గ్లాసు బయటికి తీసింది. గ్లాసును వెలుతురుకు వంచి చూసింది. కాఫీ నీళ్ళలా పల్చగా ఉంది. అడుగున పొడి నలుసులు. వేలికొస ముంచి నాలుకకు రాసుకుంది.

"మీ అత్త కాఫీలో ఏం వేసుకొనేది?"

"బెల్లం. అందరికీ చక్కెర కలిపి ఇచ్చి, తను వంటింట్లో కూర్చొని బెల్లం కాఫీ తాగేది. చక్కెరది ముట్టను కూడా ముట్టదు. ఎందుకక్కా?"

"ఊరికే. పద, మీ ఇంటికి పోదాం."

వాళ్ళు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసి వరలక్ష్మమ్మ గది తెరిచింది. తాను మాత్రం మళ్ళీ గడప దాటలేదు.

లోపల ఇంకా కాఫీ వాసన. కిటికీ రెండేళ్ళుగా మూసే ఉంది. మంచం మీద పరుపు చుట్ట, గూట్లో కళ్ళజోడు, దండెం మీద మడత విప్పని తెల్లచీర. కళ్ళజోడు అద్దాలు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. మునికుమార్ ఎటు జరిగినా అవి తననే చూస్తున్నట్టు అనిపించి, ఆనందమ్మ వెనక్కి జరిగాడు.

ఫొటో కింద పీట మీద ఇసుక పోసిన చిన్న గిన్నె. దాని మీద మూతలా చిల్లుల ఇత్తడి బిళ్ళ, మధ్యలో పొట్టి కాడ. చిల్లుల్లో గుచ్చిన అగరొత్తులు కాలి, నెలల బూడిద బిళ్ళ మీద కదలకుండా పేరుకుపోయింది. ఆనందమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

తరువాత పెట్టె తెరిచింది. చీరల మీద ఫిల్టర్. లోపల వేలు పెడితే తడి తగిలింది. చీరలు ఒక్కొక్కటే తీసి, పెట్టె అడుగున పరిచిన పాత పేపర్ దాకా వెళ్ళింది. అది మెల్లగా లాగి, చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది.

వసారాలో అలివేలమ్మ చెల్లెలు కుప్పమ్మ దుప్పటి కప్పుకొని పడుకుని ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి.

"మా అక్క వస్తాది మ్మే," అంది ఎవరూ అడగకముందే. "నేను ఇన్యాను. ఇత్తడి చప్పుడు టంగుమంటాది. ఆ పైన వాసన."

"ఈ పొద్దు లేచి చూడలేదా?"

"యాడ లేచేది? మూడు దినాల నించి జొరం."

"జొరం లేనప్పుడు లేస్తావా అయితే?"

కుప్పమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

వరలక్ష్మమ్మ కూతురు జాహ్నవి పుత్తూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. "ఈ మూడు నెల్లలో ఇదే రావడం. నిన్న రాత్రే వచ్చినాను," అంది. "మా అవ్వకు కాఫీ కలిపిచ్చేది నేనే ఆంటీ. రొంత బెల్లం తగ్గినా తిరిగి ఇచ్చేసేది."

పరంధామయ్య మామిడితోట నుంచి వచ్చి, కొత్తవాళ్ళను చూసి మొహం చిట్లించాడు.

"మోటార్లకు కరెంటు తెల్లారుజామున నాలుగు గంటలకిస్తారు. మూడున్నరకే లేచి, పెరట్లో స్నానాల పొయ్యి ముట్టించి తోటకు పోతాను. వాసనా గీసనా నాకు తెలీదు. పని లేని ఆడోళ్ళకు దయ్యాలు కనబడతాయి."

"మీ అమ్మ కాఫీ ఎట్లా తాగేదబ్బా?"

"ఎట్లా అంటే? అందరూ తాగినట్టే."

ఆనందమ్మ తల ఊపింది. "అందరూ గదిలోకి రండి. వరలక్ష్మీ, నువ్వు కూడా."

కుప్పమ్మను జాహ్నవి పట్టుకొని తీసుకొచ్చింది. వరలక్ష్మమ్మ గడప మీద ఒక క్షణం ఆగి లోపలికి అడుగు పెట్టింది. ఆనందమ్మ ఫిల్టర్‌ను పీట పక్కన పెట్టింది.

"చచ్చిపోయిన మనిషి తన కాఫీలో చక్కెర వేసుకోదు. బెల్లం సంగతి తెలిసినోళ్ళూ వెయ్యరు. అంటే వరలక్ష్మి కాదు, జాహ్నవి కాదు, కుప్పమ్మ కాదు. ఇంకొకటి. కాఫీ పల్చగా ఉండాది, అడుగున నలుసులు. ఫిల్టర్లో పొడి మీద పెట్టే బిళ్ళ పెట్టకపోతే పొడి తేలిపోతాది, డికాషన్ దిగదు. ఆ బిళ్ళ యాడ ఉండాదో ఈ ఇంట్లో ఆడోళ్ళకు తెలుసు."

జాహ్నవి చెయ్యి అప్పటికే అగరొత్తుల గిన్నె వైపు లేచింది.

"అదే. దాని మీద బూడిద చెదరలేదు. గ్లాసు పెట్టిన మనిషి మూడు అమావాస్యలు దాని ముందరే నిలబడినాడు, అదేమిటో తెలీకనే. నలభై ఏళ్ళు కాఫీ తాగినాడు, ఒక్క దినం కలపలేదు. స్నానాల పొయ్యి ముట్టించేది ఒక్కడే. పాలు వేడి చేసినా ఎవురికీ అనుమానం రాదు."

మునికుమార్ బిళ్ళ కేసి చూశాడు. అదేమిటో అతనికీ అప్పుడే తెలిసింది.

ఎవరూ పరంధామయ్య వైపు తిరగలేదు. అతనే గోడకు ఆనుకొని, కిందికి జారి కూర్చున్నాడు.

"ఆఖరి దినం అడిగింది," అన్నాడు. "నాయనా, ఒక్క గుక్క అని. విషమమ్మా అన్నాను. తులసినీళ్ళు పోసినాను. సంవత్సరికం నాడు కాకి ముట్టలా. ఆకులో అన్నీ ఉండాయి, అదొక్కటే లేదు. నెలనెలా పెడతానమ్మా అని మనసులో అనుకున్నాను. అనుకున్నానో లేదో కాకి వాలింది." అతను అరచేతులు చూసుకున్నాడు. "విషమని నా నోటితోనే అంటిని. అందరి ముందరా ఎట్లా పెట్టేది?"

"మరి తాగిందెవరు?" అంది వరలక్ష్మమ్మ.

ఆనందమ్మ కుప్పమ్మ వైపు చూసింది. జ్వరంలేని రెండు అమావాస్యలూ గ్లాసు ఖాళీ అయింది మరి.

"మా అక్క ప్రసాదమని తాగినాను," అని గొణిగింది కుప్పమ్మ. "రెండేళ్ళాయ నోటికి తగిలి. చక్కెరదే అయినా."

జాహ్నవి నవ్వబోయి ఆపుకుంది.

ఆనందమ్మ సంచిలోంచి పాత పేపర్ తీసింది. వంటింటి తలుపుకు పరంధామయ్య అంటించిన ముక్కను కూడా ఊడదీసి తెచ్చింది. దాని చివర 'మిగతా 6వ పేజీలో' అని ఉంది.

"ఆరో పేజీ చదివినావా అబ్బా?"

"లేదు. పైన రాసింది సాలదా అనుకున్నాను."

"ఇదిగో అది. మీ అమ్మ చీరల కింద పరిచినారు." ఆమె చదివింది. ముందు ఎవరో కొద్దిమందిని చూసి అనుమానపడ్డారు. తరువాత వేలమంది ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తే, కాఫీకీ రొమ్ము క్యాన్సర్‌కీ అలాంటి సంబంధం కనబడలేదు. భయపడి కాఫీ మానడం కన్నా, గడ్డ తగిలితే వెంటనే డాక్టరుకు చూపించుకోవడం ముఖ్యం.

పరంధామయ్య ఆ కాగితం అందుకోలేదు. ఫొటో వైపు కూడా చూడలేకపోయాడు. గూట్లో కళ్ళజోడు మీద తలుపు వెలుతురు పడి మెరిసింది.

వరలక్ష్మమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"నాకు గడ్డ ఉండాది. రెండు నెలల నించి."

పరంధామయ్య తల ఎత్తాడు. "ఎందుకు చెప్పలా?"

"తలుపు మీద అంటించినావు గదా," అంది ఆమె. "రోజూ చదవతా ఉంటిని."

అతను లేచాడు. చేతిలో ఉన్న తోట తాళాలు జాహ్నవికిచ్చి, "మోటారు నువ్వు చూసుకో," అన్నాడు. "తిరుపతికి నాలుగు గంటల బస్సుండాది. పద వరలక్ష్మీ."

నెల తరువాత ఆఫీసుకు కార్డు వచ్చింది. మునికుమార్ పైకి చదివాడు.

"అక్కకు నమస్కారం. అది క్యాన్సరే. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకున్నామని డాక్టరమ్మ చెప్పింది. వచ్చే సోమవారం ఆపరేషన్. కాఫీ వల్లనే వచ్చిందా అని మా ఆయనే అడిగినాడు. కాఫీకి సంబంధం లేదు, ఆలస్యం చేసేదే చేటు అనిందామె. మొన్న అమావాస్యకు ఆయనే బిళ్ళ కడిగి, నన్నడిగి కాఫీ కలిపినాడు. బెల్లం వేసి, గది కిటికీ తెరిచి పెట్టినాము. తెల్లారి చూస్తే గ్లాసు ఖాళీ. కుప్పమ్మ తాను తాగలేదని ఒట్టు పెట్టి చెప్తా ఉండాది. ఎవురూ నమ్మలేదు గానీ, గ్లాసు అడుగున ఒక్క చుక్క కూడా లేదక్కా. ఆపరేషన్‌కు నాకు భయం లేదు."

మునికుమార్ కార్డు దించాడు. "మేడమ్, ఎవురు తాగుంటారు?"

ఆనందమ్మ కార్డు తీసుకొని, ఆ కేసు ఫైల్లో పెట్టి, నాడా ముడి వేసింది.

"ఎవురు తాగితే ఏమప్పా," అంది. "ఈ తూరి బెల్లం వేసినారు గదా."