నడుము కొలత

మా కొట్టుకి వారానికి ఒక రోజు సెలవు. ఆ రోజు షట్టరు సగం దించి, మిగిలిపోయిన పనులు చూసుకుంటాం. గుండీలు కుట్టుకోవడం, మిషన్లకి నూనె వెయ్యడం, బల్లల కింద పడ్డ పీలికలు ఊడ్చి పోగెయ్యడం. ఆ సెలవు రోజే కంప్యూటరు మార్చెయ్యాలని పట్టుబట్టింది నేనే. కాబట్టి ఇప్పుడు ఎవర్నీ ఏమీ అనడానికి లేదు.

మాది ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టు. మా ఆయన కటింగ్ మాస్టరు. వచ్చినవాళ్ళ కొలతలు కంప్యూటర్లో ఎక్కిస్తే, అందులో ఉన్న సాఫ్ట్‌వేరు లెక్క కట్టి, మూలనున్న పెద్ద ప్రింటరు మీద నిలువెత్తు కాగితాలు గీసిస్తుంది. మెడ ఎంత దిగాలి, చంక ఎంత తిరగాలి, నడుము దగ్గర ఎంత నొక్కాలి, అన్నీ గీతల్లో ఉంటాయి. ఆ కాగితం గుడ్డ మీద పరిచి ఆయన కత్తెర వేస్తారు.

ఈ ఏర్పాటంతా ఆయన మొదటి భార్య చేసింది. నేను ఈ ఇంటికి రాకముందే ఏదో జ్వరం తగిలి పోయింది. ఆ మహాతల్లిని నేను కళ్ళతో చూసింది లేదు. అయినా ఆవిడ ఊసు లేకుండా ఒక్క పూట గడిచింది లేదు. గౌను కుట్టించుకోడానికి వచ్చిన ప్రతి మనిషీ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "బానే ఉంది గానీ, అక్క చెయ్యే వేరు," అని ఒక నిట్టూర్పు వదిలేది. చేతులు నాకూ రెండున్నాయి. వాళ్ళ ముందు నవ్వేదాన్ని, లోపల ఒళ్ళు మండిపోయేది.

వాళ్ళనైనా సరిపెట్టుకోవచ్చు. ఆ పాత కంప్యూటర్ని సరిపెట్టుకోలేకపోయాను. మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి. ఎప్పుడు దగ్గరికెళ్ళినా తలనొప్పి బామ్ వాసన. ఆవిడ రాసుకునేదట, ఆ చేత్తోనే టైపు చేసేదట. పొద్దున్నే కొట్టు తెరవగానే మా ఆయన మెత్తటి లైనింగు ముక్క తీసుకుని ఆ తెరని తుడిచేవారు. అన్నం తిన్న పసిపిల్ల మూతి తుడిచినట్టు, నిదానంగా. పెళ్ళయిన ఇన్నాళ్ళలో నా నుదుటి చెమట ఒక్కసారి తుడిచిన పాపాన పోలేదు. తుడుస్తూ ఏదో ఒకటి చెప్పేవారు కూడా. "ఆవిడకి ఎడమ భుజం ఒక వేలు దిగి ఉండేది. ఆ భుజం కనబడకుండా కుట్టడం నాకొక్కడికే తెలుసు," అన్నారొకసారి. నా భుజాలు గీత గీసినట్టు సమంగా ఉంటాయి. వాటి గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు.

పెట్టెని చూసి కుళ్ళుకుంటారా ఎవరైనా? నేను కుళ్ళుకున్నాను. బతికున్న సవతి అయితే జుట్టూ జుట్టూ పట్టుకుని తేల్చుకోవచ్చు. దీన్ని ఎక్కడని పట్టుకుంటాం?

నస పెట్టీ పెట్టీ కొత్తది కొనిపించాను. ఎదురు గోడకి బల్ల వేసి దాన్ని పెట్టించాను.

"ఇవాళే అన్నీ ఇందులోకి మార్చేస్తానండీ. రేపు ఆ పాతది తీయించేద్దాం," అన్నాను.

ఆయన గొడుగు తీసుకుని, లైనింగు గుడ్డకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగారు. "ఆవిడవన్నీ జాగ్రత్తగా తియ్యి. ఒక్కటీ పోకూడదు."

"నావి పోయినా పర్లేదన్నమాట," అన్నాను నవ్వుతూనే.

ఆయన నవ్వలేదు. షట్టరు కింద వంగి, వానలోకి వెళ్ళిపోయారు.

ఆయనకి నేను చెప్పని మాట ఒకటుంది. నాకు మూడో నెల. మొన్ననే డాక్టరమ్మ తెర మీద చూపించింది, చిక్కుడు గింజంత. గుండె చప్పుడు కూడా వినిపించింది. ఫొటో కాగితం ఒకటి చేతికిచ్చింది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి ఆ మహాతల్లి ఇవ్వలేకపోయింది నేను ఇస్తున్నాను. ఆ మాట ఈ కొట్లో, ఈ బల్లల మధ్యే ఆయనకి చెప్పాలి. కానీ ఆ పెట్టె బయటికి పోయాకే చెప్పాలి. దాని ఎదురుగా చెప్పడం నాకిష్టం లేదు. పిచ్చి అనుకోండి, అనుకుంటే అనుకోండి.

అందుకే పొద్దున కొత్త కంప్యూటర్లో మొట్టమొదట నా కొలతలే ఎక్కించాను. టేపు చుట్టి చూసుకుంటే నడుము ముప్పై రెండు. అప్పుడే పెరిగింది. పేరు దగ్గర ఏం రాయాలా అని ఆలోచించి, 'నేను' అని రాశాను. కొట్టు నాదైనప్పుడు ఇంకేం రాస్తాను?

సాఫ్ట్‌వేరు కంపెనీకి ఫోను చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. మెతకగా మాట్లాడుతుంది. రెండు కంప్యూటర్లకీ మధ్య తీగ పెట్టించింది, ఏవేవో నొక్కించింది. "ఇప్పుడు మీ రెండు తెరలూ నాకిక్కడ కనిపిస్తున్నాయండీ. ముందు సాఫ్ట్‌వేరు సరిచూస్తాను, తర్వాత కొలతలు మారుస్తాను," అంది. ఫోను స్పీకర్లో పెట్టి, కొత్తదాని ముందు కూర్చున్నాను. పాతది నా వీపు వెనకాల ఉంది.

వాన పెరిగింది. మధ్యాహ్నమే అయినా కొట్టంతా మసకబారిపోయింది. షట్టరు రేకు మీద చినుకులు దడదడలాడుతున్నాయి. తడిసిన మట్టి వాసన, మిషను నూనె వాసన. తెర మీద పేర్లు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. ఆ పంతులమ్మ, ఆ నర్సు, రొట్టెల కొట్టావిడ, ఆవిడ కూతురు. అందరూ అక్క చెయ్యే వేరన్నవాళ్ళే. అందరూ వచ్చి నా కంప్యూటర్లో పడుతుంటే హాయిగా అనిపించింది.

ఉన్నట్టుండి ఆగింది.

"ఒకే పేరుతో రెండున్నాయండీ," అంది ఫోన్లో అమ్మాయి. "పాతదాంట్లో ఒకటి, కొత్తదాంట్లో ఒకటి. పేరు... 'నేను'."

నా చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది.

"ఇలాంటప్పుడు ఏది ఆఖరున మార్చారో అదే ఉంటుందండీ. రెండోది రెండు చోట్లా చెరిగిపోతుంది. మళ్ళీ రాదు. చూసుకుని చెప్పండి."

లేచి పాతదాని దగ్గరికెళ్ళాను. కుర్చీలో కూర్చోకుండా, నిలబడే తెరిచాను. ఆవిడ కొలతలు. మెడ, చాతీ, ఎడమ భుజం ఒక వేలు తక్కువ. నడుము ఇరవై తొమ్మిది. దాని కింద, ఎప్పుడెప్పుడు కొలిచిందో ఆ వరస. నెలకోసారి కొలుచుకుంది. ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిది. కిందికి లాగుతుంటే ఇంకా వస్తూనే ఉంది. ఏళ్ళ తరబడి, ప్రతి నెలా ఆశగా టేపు చుట్టుకుని, అదే అంకె మళ్ళీ మళ్ళీ రాసుకుంది.

ఎవరైనా అయితే అయ్యో అనుకుంటారు. నాకు అయ్యో అనిపించలేదు. ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించిన మనిషి చేతకానితనం నా కళ్ళముందు బారులు తీరి కనిపించింది. తెరకి దగ్గరగా వంగాను. గొంతు తగ్గించి అన్నాను.

"చూసుకో. నాది పెరిగింది."

తెర మీద గీత ఒకటి వెలుగుతూ ఆరుతోంది. బామ్ వాసన గుప్పుమంది, ఎవరో అప్పుడే మూత తీసినట్టు. ముక్కు తుడుచుకుని వచ్చేశాను.

"కానివ్వమ్మా," అన్నాను ఫోన్లో. "ఆఖరున మార్చింది నాదే. ఇవాళ పొద్దున్నే మార్చాను. ఆవిడది చెరిపెయ్."

"మీరే నొక్కాలండీ."

నొక్కాను.

కాసేపు ఏమీ లేదు. వాన చప్పుడొక్కటే.

"అయ్యో, ఒక్క నిమిషం," అంది ఆ అమ్మాయి. "పాతదాని దగ్గర కూర్చున్నావిడని కొంచెం ఆగమనండి. ఆవిడ టైపు చేస్తున్నారు."

నేను ఫోను వైపు చూశాను.

"హలో? ఆవిడకి చెప్పండి. ఆవిడ మారుస్తుంటే అదే ఆఖరిదవుతుంది."

అప్పుడు వినిపించింది. నా వెనక... టక్. మళ్ళీ... టక్. అరిగిపోయిన మీటల చప్పుడు. తొందర లేదు. తెలిసిన చెయ్యి.

"ఇక్కడ ఎవరూ లేరమ్మా," అన్నాను.

ఫోన్లో ఊపిరి శబ్దం. "ముప్పై అని కొట్టారండీ... ముప్పై ఒకటి..." గుసగుసగా చెబుతోంది. "ముప్పై రెండు... మీది చెరిగిపోయిందండీ. మీది..."

ఫోను ఆగిపోయింది.

వెనక్కి తిరగాలంటే భయం. తిరగకపోతే ఇంకా భయం. తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది. సీటు మాత్రం మధ్యలో నొక్కుకుపోయి ఉంది. నేను చూస్తుండగానే మెల్లగా... మెల్లగా పైకి లేచింది. ఎవరో లేచినట్టు.

కట్టుకున్న లంగా బిగుతు వదిలింది. పొద్దున ఊపిరి బిగబట్టి కట్టుకున్నది. బొందు ముడి అలాగే ఉంది. లంగా మాత్రం తుంటి మీదికి జారింది. నొప్పి లేదు. రక్తం లేదు. ఏమీ లేదు. చేతికందిన టేపు తీసి చుట్టుకున్నాను. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి చూశాను. పెళ్ళినాటి కొలత.

మూలలో పెద్ద ప్రింటరు దానంతటదే మొదలైంది.

గర్... గర్... కాగితం బయటికి వస్తోంది. ముందు మెడ. తర్వాత భుజాలు. ఎడమ భుజం ఒక వేలు కిందికి ఉంది. చంక. చాతీ. తర్వాత నడుము దగ్గర గీత లోపలికి రావాలి. రాలేదు. బయటికి తిరిగింది. గుండ్రంగా, నిండుగా, కుచ్చిళ్ళకి గుర్తులు పెట్టుకుంటూ కిందికి దిగింది. నెలలు నిండేవాళ్ళకి కుట్టే గౌను అది. కాగితం నేల తాకి, నా కాళ్ళ దాకా వచ్చి ఆగింది.

షట్టరు లేచింది. మా ఆయన. గొడుగు మూసి, గుమ్మంలోనే నిలబడి గాలి పీల్చారు. ఆ వాసన ఆయనకి తెలుసు. వచ్చి కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. పై నుంచి కింది దాకా చూశారు.

"ఎప్పట్నుంచి?" అన్నారు మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. "ఇవాళే చెబుదామనుకున్నానండీ. మూడో నెల..."

ఆయన నా వైపు చూడలేదు. ఆయన వేలు ఎడమ భుజం గీత మీద ఆగి ఉంది.

"ఎప్పట్నుంచి," అని మళ్ళీ అడిగారు కాగితాన్ని.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చాలాసేపు వెతికింది. నా చేతిలోని పాత ఫొటో తీసుకుని చూసింది, తెర చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. "ఇది మీది కాదమ్మా. ఎవరిదో మీకు ఇచ్చినట్టున్నారు. మీకసలు ఏమీ లేదు," అంది. ఫొటో మూలన పేరుండే చోట నా పేరు లేదు. 'నేను' అని ఉంది.

ఇంటికొచ్చేసరికి ఆయన గుడ్డ కత్తిరించేశారు. కొట్లో ఉన్నవాటిలోకెల్లా మెత్తటిది, లేత పసుపుది. రెండు రోజులు ఎవరి పనీ ముట్టకుండా కుట్టి, కొట్టు మధ్యలో చెక్క బొమ్మకి తొడిగారు. అది నాకు సరిపోదని ఆయనకి తెలుసు.

పాత కంప్యూటర్ని ఆయనే మోసుకెళ్ళి పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. తెర తుడవడం మానేశారు. దాని అవసరం తీరిపోయినట్టుంది. కొత్తదాంట్లో ఆవిడ నడుము కొలత రోజూ కొంచెం మారుతోంది. నేను చెరుపుతాను. మర్నాటికి మళ్ళీ ఉంటుంది, ఇంకాస్త ఎక్కువగా. గౌను కుచ్చిళ్ళు కూడా ఆ మేరకి విచ్చుకుంటున్నాయి. చెక్క బొమ్మకి పొట్ట ఉండదు. గుడ్డ లోపల ఖాళీయే. చెయ్యి పెట్టి చూశాను కూడా.

ఇవాళ పొద్దున ఫ్యాను ఆపేసి ఉంది. తలుపులు వేసి ఉన్నాయి. గౌను ముందు భాగంలో గుడ్డ చిన్నగా ఎగిరింది, లోపల్నుంచి మడమతో తన్నినట్టు. మళ్ళీ ఎగిరింది. నేను దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించాను. నాది కదా అని, నాదే కదా అని, చాలాసేపు అలాగే ఉంచాను.

ఆగిపోయింది. ఏమీ లేదు, ఉత్త గుడ్డ.

అప్పుడే ఆయన వచ్చి, నన్ను పక్కకి జరగమన్నట్టు భుజం మీద తట్టి, తన చెయ్యి పెట్టారు. గుడ్డ ఆయన అరచేతి కింద వెంటనే కదిలింది.